బాపు కుట్టిన కలశాలు

మా తమ్ముడు నాన్నను, మా బాపును, శ్మశానం నుంచి ప్లాస్టిక్ డబ్బాలో తెచ్చాడు. ఎర్రమూత డబ్బా. అంతకుముందు అందులో నిమ్మకాయ పచ్చడి ఉండి ఉంటుంది. పైనున్న కాగితం చీరేశాడు గానీ జిగురు మరక అలాగే ఉంది. సూరత్‌లో కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులవి. శ్మశానాల ముందు అంబులెన్సులు వరస కట్టేవి. మట్టికుండలు అయిపోయాయి, ఎవరి డబ్బా వాళ్లే తెచ్చుకోండి అన్నారట అక్కడ.

గోడాదరాలో తమ్ముడిది పైన ఇల్లు, కింద సాంచాల కార్ఖానా, అంటే మరమగ్గాలు. పనివాళ్లందరూ ఊళ్లకు వెళ్లిపోవడంతో సాంచాలు ఆగిపోయి ఉన్నాయి. అస్థికలు ఇంట్లోకి తేకూడదు, బయట చెట్టుకు కట్టాలి అంటారు మావాళ్లు. ఆ గల్లీలో చెట్టు ఎక్కడిది? అందుకని డబ్బాను ఏదో చీరల దుకాణం సంచిలో వేసి, మెట్ల కింద మేకుకు తగిలించాడు. నేను ఆల్థాన్‌లో మా ఇంటి నుంచి స్కూటీ మీద వచ్చి ముందు చూసింది ఆ సంచినే.

"ఏందిరా ఇది?"

"అస్తికలక్కా."

"గది నాకు తెల్వదా. దేంట్ల తెచ్చినవ్ అని అడుగుతున్న."

"దొరికినదాంట్ల తెచ్చిన. నువ్వు ఆల్థాన్ల ఏసీ కింద కూసోని అడుగుతవ్. పొద్దటి సంది ఆడ నిలవడ్డది నేను. నా ముంగటాయన పాలిథిన్ కవర్ల కట్టుకపోయిండు. గిది నయం."

"మిల్ట్రీ మనిషిని అచార్ డబ్బాల తెచ్చుడు నయమా?"

"మాస్కు మీదికి గుంజక్కా. ముక్కు కనవడుతున్నది."

తగాదా మధ్యలో మాస్కు సవరించుకోవలసి రావడం ఎంత చిరాకో అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది. అన్న మాటలో పదును సగం పోతుంది. నేను తెలుగు మీడియం బడిలో పాఠాలు చెప్పి బతికే మనిషిని. నోరు నాకు జీతం ఇచ్చింది, చుట్టాలను దూరం చేసింది. అయినా ఆ రోజు నా కోపంలో న్యాయం ఉందనే ఇప్పటికీ అంటాను. ఎందుకో చెప్పాలంటే బాపు పని ఏమిటో చెప్పాలి.

మేము నేతవాళ్లం. మా తాత మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటే చీకటి పడ్డాకే లేచేవాడట. ఆ గుంత నాకొద్దని బాపు మీసాలు సరిగా మొలవకముందే పారిపోయి సైన్యంలో చేరాడు. అక్కడ పెద్దాయన ఒకడు "ఇంట్లో ఏం పని చేసేవాడివి?" అని అడిగాడట. "బట్టల పని" అన్నాడట బాపు. అంతే, దర్జీని చేసేశారు. "గుంతలకెల్లి లేసి ఉరికితే ఆడ గూడ బట్టనే చేతుల వెట్టిండ్రు" అని చెప్పి నవ్వేవాడు. యూనిఫారాలకు కొలతలు, డేరాలకు మాసికలు, జేబుల మీద పేరు పట్టీలు. వీటితోపాటు ఇంకొక పని.

ఇప్పటిలా చనిపోయిన సిపాయిని పెట్టెలో పెట్టి విమానంలో ఇంటికి పంపే రోజులు కావవి. ఎక్కడ పోతే అక్కడే దహనం. అస్థికలను కలశంలో పెట్టి, ఇద్దరు సిపాయిల చేతికిచ్చి, ఇంటికి పంపేవారు. ఆ కలశానికి గుడ్డ కుట్టడం బాపు పని. దాని గురించి మాట్లాడేటప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు. తెల్లటి నూలుగుడ్డ, గంజి పోయేదాకా ఒకసారి ఉతికినది. దాని మీద నంబరు, పేరు. లోపలి పాత్ర ఇత్తడిది దొరికితే ఇత్తడి, లేకుంటే మట్టికుండ, ఏదీ లేనప్పుడు రేషన్ డబ్బా. పైగుడ్డ మాత్రం పెద్ద అధికారికైనా వంట మనిషికైనా ఒకటే. మూతి దగ్గర గొలుసుకుట్టు, బియ్యం బస్తా మూతికి ఉంటుందే, అదే. దారం కొస వదిలి పెట్టాలి. ఆ కొస పట్టి ఒక్కసారి లాగితే చుట్టూతా జర్రున ఊడిరావాలి.

"ఇంటి ఆడమనిషి ఇప్పుకోవాలె గది. గా యాల్లకు కత్తెర యాడ దేవులాడుకుంటది? కత్తెర వెట్టేటిది కాదది" అనేవాడు.

అలాంటి మనిషి పచ్చడి డబ్బాలో ఇంటికి వచ్చాడు. నా కోపం అదీ.

"బాపు చెప్పలేదా, రేషన్ డబ్బాల గూడ పంపేటోళ్లమని?" అన్నాడు తమ్ముడు.

"గది యుద్ధమురా."

"మరి గిదేంది?"

వాడి మాట ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు కాబట్టి, అమ్మ ఏం చేస్తోందని అడిగాను.

అసలు సమస్య అమ్మ. బాపును అంబులెన్సు ఎక్కించినప్పుడు మెట్ల మీద నిలబడి చూసింది, అంతే. తర్వాత ఎవరమూ ఆయన ముఖం చూడలేదు. ఆస్పత్రి నుంచి తమ్ముడికి ఫోను వచ్చింది. మూటకట్టిన శరీరాన్ని వాడు దూరం నుంచి చూశాడు. "బాపు పోయిండమ్మా" అంటే అమ్మ, "ఎవలు చెప్పిండ్రు?" అని అడిగింది. ఆస్పత్రోళ్లు ఫోన్ చేసిండ్రు అంటే, "ఫోన్ల చెప్తే నమ్ముతవారా?" అని బాపు బనీన్లు ఉతికి దండెం మీద ఆరేసింది. చావు తానం, అంటే భర్త పోయాక చేయాల్సిన స్నానం, చేయనంది. ఊరి నుంచి చుట్టాలు వీడియో కాల్‌లో ఏడుస్తుంటే, "ఎందుకేడుస్తుండ్రు, ఎవలు సచ్చిండ్రని?" అని కసిరి ఫోను పెట్టేసింది. అమ్మ తానం చేయకపోతే దినాలు లేవు, పిట్టకు పిండం పెట్టేది లేదు, ఏదీ లేదు. రోజులు దాటిపోతున్నాయని పెద్దవాళ్లు తమ్ముడిని తిడుతున్నారు. వాడు ఆ తిట్లన్నీ తెచ్చి నాకు అప్పజెప్పాడు.

"పిచ్చి లేస్తదేమో అక్కా."

"డబ్బా తీస్కపోయి ముంగట పెడితే?"

"గీ డబ్బా సూపెడితే అసలే నమ్మది. తొక్కు అనుకుంటది."

ఇద్దరం నవ్వాం. నవ్వి, ఒకరి ముఖం ఒకరం చూసుకోలేక సాంచాల వైపు చూస్తూ కూర్చున్నాం. అప్పుడే నాకు అర్థమైంది, అమ్మకు పిచ్చి కాదు. బాపు పెట్టిన ఆనను పాటిస్తోంది.

బంగ్లాదేశ్ యుద్ధం వచ్చే నాటికి వాళ్లకు పెళ్లయి ఎంతోకాలం కాలేదు. అమ్మ ఊళ్లో అత్త దగ్గర మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ ఉంది. పక్క వాడకట్టులో ఒకరి కొడుకు చనిపోయాడని తారు, అదే టెలిగ్రాం, వచ్చింది. ఏడ్చి, గాజులు పగలగొట్టుకున్నాక, ఆ కొడుకు చేయి కట్టుతో బస్సు దిగాడు. సెలవు మీద వచ్చిన బాపు ఆ సంగతి విని అమ్మకు చెప్పాడట: "తారు నమ్మకు, రేడియో నమ్మకు, ఊరోళ్ల నోరు అసలే నమ్మకు. ఇద్దరు మనుషులొచ్చి, కుట్టిన కలశం నీ చేతుల వెట్టాలె. నువ్వు ఇప్పి సూడాలె. అప్పటిదాంక నేను బతికున్నట్టే."

ఈ మాటను అమ్మ మాకు ఎన్నిసార్లు చెప్పిందో. తలుపు దగ్గర ఇద్దరు మగవాళ్ల అడుగులు వినపడితే చేతిలో కండె ఆగిపోయేదట ఆమెకు. ఆ ఇద్దరూ ఎన్నడూ రాలేదు. బాపే నల్ల ట్రంకుపెట్టెతో తిరిగొచ్చాడు. మా ఊళ్లో సగంమంది అప్పటికే సూరత్ సాంచాల మీద ఉంటే, తనూ వచ్చి ఇక్కడొక బట్టల మార్కెట్‌లో వాచ్‌మన్‌గా నిలబడ్డాడు. మళ్లీ బట్టే. ఆ ఆన మాత్రం ఎత్తేయడం ఇద్దరూ మరిచిపోయినట్టున్నారు.

"కలశం కుడదామురా" అన్నాను.

పాత్ర కావాలి. దుకాణాలు మూసి ఉన్నాయి. మా ఇంట్లో శ్రావణమాసం వ్రతానికి వాడే ఇత్తడి కలశం తీశాను. నా భర్త వాకిట్లో అడ్డం నిలబడి, "మరి వ్రతానికి?" అన్నాడు. "దేవతను ఈసారి స్టీలు చెంబుల సర్దుకొమ్మంటా" అన్నాను. ఆయన పక్కకు జరిగాడు. నాతో ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి ఎప్పుడు జరగాలో తెలుసు.

ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు దొరికారు. కడోదరాలో ఒక మిల్లుకు కాపలా ఉండే మరాఠీ ఆయన, రిటైరైన హవల్దారు. ఆదివారాలు బాపు దగ్గరికి వచ్చి, బాపు హిందీని వెక్కిరిస్తూ చాయ్ తాగి వెళ్లేవాడు. మేము హవల్దార్ కాకా అనేవాళ్లం. ఫోన్ చేసి సంగతి చెప్పి, త్రివర్ణ పతాకం కూడా చుడదామనుకుంటున్నానని అన్నాను. 

"జెండా దేనికీ చుట్టే గుడ్డ కాదు, బేటీ" అన్నాడు హిందీలో.

"దేశానికి పని చేసిన మనిషికి కూడా కాదా?"

"యుద్ధంలో పోయినవాళ్లకు కప్పుతారు. దానికి హుకుం ఉంటుంది. మేము ఇంట్లో మంచాన పడి పోయేవాళ్లం. మాకు లేదు."

"హుకుం రాసినవాళ్లు వచ్చి ఆ శ్మశానంలో ఒక్కరోజు నిలబడితే తెలిసేది."

"రాసినవాళ్లతో పోట్లాడు, నేను అడ్డం రాను. జెండా మాత్రం చుట్టకు. నువ్వు చుట్టావని తెలిస్తే మీ నాన్న ఆ కలశంలోంచే నన్ను తిడతాడు."

చాలాసేపు వాదించి, ఓడిపోయాను. ఆ మధ్య విదేశాల్లో మాజీ సైనికుల కోసం ప్రత్యేకంగా చేసే అస్థికల పాత్రలను ఫోన్‌లో చూశాను. నున్నగా మెరిసే లోహం మీద పేరు, దళం గుర్తు చెక్కి ఉంటాయి. మన దగ్గర పింఛను ఆగకుండా రావడమే గౌరవం, ఆపైన అడిగితే అత్యాశ. అయితే ఆ బొమ్మల్ని చూస్తున్నప్పుడు ఇంకోటి కూడా తోచింది. వాటన్నిటికీ మూతలు బిగించి ఉన్నాయి. ఇంట్లో అలమారలో పెట్టుకుని చూసుకోవడానికి చేసినవి. బాపు కుట్టినవి విప్పడానికి కుట్టినవి. ఏది ఎక్కువ మర్యాదో నాకు ఇప్పటికీ తేలలేదు. అప్పుడు తేల్చుకునే తీరికా లేదు.

గుడ్డ దగ్గర మరో తంటా. తమ్ముడి కార్ఖానాలో బట్ట తానులు తానులుగా ఉంది, అంతా పాలిస్టరే. సూరత్ మొత్తం వెతికినా ఆ రోజుల్లో తెల్లటి నూలుగుడ్డ కష్టం, ఎందుకో చెప్పనక్కర్లేదు. చివరికి ఉగాదికని కొని బాపు కట్టకుండా దాచుకున్న ధోవతి తీశాం. అమ్మకు తెలియకుండా తమ్ముడి భార్య ఉతికి, మిద్దె మీద ఆరేసింది.

మర్నాడు పొద్దున కార్ఖానాలో, రెండు సాంచాల మధ్య ఖాళీలో కూర్చున్నాం. డబ్బాలోంచి కలశంలోకి తమ్ముడే వంచాడు. చిన్న చిన్న ముక్కలు ఇత్తడికి తగిలి చప్పుడైంది. వాడు ఆగాడు. "ఆగకు" అన్నాను. బాపు నంబరు మా ఇద్దరికీ నోటికి వచ్చు. చిన్నప్పుడు ట్రంకుపెట్టె మీద చదివీ చదివీ పట్టుబడింది. నేను గుడ్డ మీద పెన్సిలుతో రాసి నీలం దారంతో కుట్టాను. బడిలో నల్లబల్ల మీద రాసే అలవాటున్న చేయి, అక్షరాలు పెద్దవయ్యాయి.

మూతికుట్టు తమ్ముడి వంతు. పక్కింట్లో చీరలకు జరీ పని చేసేవాళ్ల దగ్గర కొక్కెం సూది తెచ్చాడు. గొలుసుకుట్టు ఎలా వేయాలో ఇద్దరికీ రాదు. ఇంట్లో ఉన్న బియ్యం బస్తా తెచ్చి, మూతి దారాన్ని ఒక్కొక్క గొలుసే మెల్లగా ఊడదీసి చూశాం, అది ఎటు నుంచి ఎటు పోతోందని. నేను ఒకటన్నాను, వాడు ఒకటన్నాడు. వాడన్నదే నిజమైంది. చుట్టూతా కుట్టి, చివర దగ్గరికి వచ్చేసరికి కాకా వచ్చాడని కేక వినిపించింది. నేను లేచి బయటికి వెళ్లాను.

కాకా కోటు వేసుకుని, పతకాలు పెట్టుకుని, టోపీ సవరించుకుని వచ్చాడు. మాస్కు కూడా ఇస్త్రీ చేసినట్టుంది. రెండో మనిషిగా మార్కెట్ వాచ్‌మన్లలో ఇంకో మాజీ సిపాయి రావాలి, ఆయనకు జ్వరం వచ్చింది.

"తమ్ముడు రాడా?" అన్నాడు కాకా.

"వాడు ఇంటివాడు. లోపల అమ్మ పక్కన ఉండాలి. నేను వస్తా."

"ఆడవాళ్లు..." అని మొదలుపెట్టాడు. నా ముఖం చూశాడు. "ఎడమకాలుతో మొదలుపెట్టాలి" అన్నాడు.

అమ్మను కింది వాకిట్లోకి పిలిచారు. మేమిద్దరం గల్లీ మలుపు నుంచి నడిచి వచ్చాం. కలశం కాకా రెండు చేతుల్లో ఉంది. అమ్మ ముందు మమ్మల్ని చూడలేదు. మా కాళ్లను చూసింది. ఆమె చేయి ద్వారబంధాన్ని పట్టుకోవడం నాకు కనిపించింది.

కాకా ఆమె ముందు ఆగి, "భాభీజీ, మీ ఫౌజీని తీసుకొచ్చాం" అన్నాడు హిందీలో. కలశం ఆమె చేతుల్లో పెట్టి, వెనక్కి జరిగి సెల్యూట్ చేశాడు. నాకు సెల్యూట్ రాదు. ఊరికే నిలబడ్డాను.

అమ్మ బొటనవేలితో కుట్టును తడిమింది. చుట్టూతా తడిమి, కొస దొరకబుచ్చుకుని లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. గుడ్డ ముడతపడింది గానీ కుట్టు ఊడలేదు.

నేను తమ్ముడిని చూశాను. వాడు తన చేతులు చూసుకుంటున్నాడు. అర్థమైపోయింది. సాంచాల మీద పెరిగిన చేయి. తెగిన పోగు కనిపిస్తే కళ్లు మూసుకుని ముడివేస్తుంది, వేలాడే కొసను వదిలి ఊరుకోలేదు. నేను బయటికి వెళ్లిన ఆ కాసేపట్లో వాడు కొసను నేతముడి వేసేశాడు. ఆ ముడి ఎంత లాగితే అంత బిగుస్తుంది.

"ఎవడేసిండు గీ ముడి?" అంది అమ్మ.

"నేనే అమ్మా. చెయ్యి ఆగలే."

"బాపు గిట్ల ముడేస్తడార?"

ఒక్క లాగుకు రాకపోతే అది బాపు చెప్పిన కలశం కాదు. ఇంకేం, లోపలికి వెళ్లి మళ్లీ బనీన్లు ఉతుక్కుంటుంది అనుకున్నాను. "ఆగు, కత్తెర తెస్త" అన్నాను, ఆ మాట అనకూడదని తెలిసి కూడా.

"కత్తెర ముట్టకు" అంది.

మెట్టు మీద కూర్చుంది. కలశాన్ని ఒడిలో పెట్టుకుని, మాస్కు కిందికి లాగి, ముడిని ఉమ్మితో తడిపి, గోటితో దాని నడుం పట్టుకుంది. కండెలు చుట్టి పెరిగిన మనిషి. అయినా చూపు ఆనదు, గోరు జారి మళ్లీ మళ్లీ పట్టుకోవాల్సి వస్తోంది. ఎండ ఎక్కుతోంది. కాకా సెల్యూట్ దించలేదు. ఎదురు బాల్కనీలో ఒకాయన ఫోను పైకెత్తి వీడియో తీయడం మొదలుపెట్టాడు. నాకు చేతకానిది విప్పడం. చేతనైనది ఒకటుంది కదా. ఆయనకు హిందీలో, గుజరాతీలో, అవి చాలక తెలుగులో చెప్పవలసింది చెప్పాను. ఫోను దించి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. పక్క బాల్కనీల వాళ్లు కూడా చూపు తిప్పుకున్నారు.

"లొల్లి వెట్టకు" అంది అమ్మ తలెత్తకుండా. "కాకాను నీడల నిలవడుమను."

చెప్పాను. ఆయన కదల్లేదు.

ఎంతసేపు పట్టిందో. ముడి ఒక పక్క వదులైంది. అమ్మ దాన్ని వెనక్కి దొర్లించి, ఒక కొసను తిన్నగా చేసి, రెండోదాన్ని జార్చేసింది. తర్వాత దారం పట్టుకుని లాగింది. చుట్టూతా జర్రున ఊడి వచ్చి, ఆమె చీర మీద పడింది.

గుడ్డ తీసి లోపలికి చూసింది. చెయ్యి పెట్టి, కాసేపు ఉంచింది. బూడిదలో మనిషిని ఎలా పోల్చుకుంటుంది, ఏ ఆధారం ఉందని నమ్ముతుంది అని నేను ముందురోజంతా తమ్ముడితో వాదించాను. ఆమె ఏ ఆధారమూ వెతకలేదు. వేళ్లు తీసి, గుడ్డ మీది నంబరును ఒకసారి చదువుకుంది, పెదవులు కదిలాయి.

"ముడి తప్పువడ్డది గని, కుట్టు సక్కగనే ఉన్నది" అంది తమ్ముడితో. వాడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

గుడ్డను మళ్లీ మూతి మీద కప్పి, కలశాన్ని కాకా చేతికి ఇచ్చింది. కలపడానికి గోదావరికి బండి దొరికేదాకా కడోదరాలో తన గది బయట ఉన్న వేపచెట్టుకు కట్టుకుంటానన్నాడు ఆయన. అమ్మ సరేనంది. మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచి, నా వైపు చూసింది.

"నీళ్లు కాగవెట్టు పో" అంది. "తానం జేస్త."